బావ లారీ పొగ

మైదుకూరు, మే 1957, గురువారం రాత్రి

ఈ రోజు సభలో రోడ్ల ఇంజనీరు ముందు నేనే మొదట లేచాను. లారీల దుమ్ముకు, పొగకు రోడ్డు పక్క తమలపాకు తోటలు మాడిపోతున్నాయనీ, బరువును బట్టి లారీల మీద పన్ను పెంచాలనీ గట్టిగా అడిగాను. ఊరంతటికీ లారీ ఉన్నది ఒక్క నా పెళ్లాం అన్నకే. అది వచ్చినప్పటి నుంచి నా ఎద్దులు నా కంటికే ముసలివిగా కనబడుతున్నాయి.

బావకు కోపం కూడా రాలేదు. "పెంచనీలే బావా, కడతా. నీ బండి చక్రాల ఇనుప పట్టీలు కంకరను పిండి చేస్తాండాయి గదా, ఆ దుమ్ము ఎవురిది?" అన్నాడు. సభంతా నవ్వింది. ఇంజనీరు కూడా తల ఊపి, ఎద్దుల బండ్లకూ పన్ను వేయాల్సిందే అన్నాడు.

ఇంటికొచ్చి చెబితే నా పెళ్లాం రంగమ్మ ఒకటే అడిగింది: "మనకు ఆకుతోట యాడుండాది?"

నేను ఎద్దులకు మేత వేయడానికి పోయాను.

పొద్దుగూకే వేళ బావ లారీ బండల లోడుతో మా వాకిటి ముందు నుంచి పోయింది. రంగమ్మ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది. నేను మాత్రం ఆ పెట్రోలు వాసన పోయేదాకా గుండెల నిండా పీలుస్తూ అక్కడే నిలబడ్డాను.