బేటరీ సంచికి మొలతాడు

అమ్ములూ, నేను బతికే ఉన్నాను. చివరిదాకా చదివి అప్పుడు ఏడువు.

ఫోన్ చేస్తే నీ ఏడుపే తప్ప నా మాట వినవని కార్డు రాస్తున్నాను. గుండె పంపు బాగానే తిరుగుతోంది. దాని వైరు పొట్టలోంచి బయటికొచ్చే చోట చీము పట్టింది. నువ్వు మొక్కి కట్టిన మొలతాడు అక్కడే ఒరుసుకుందట. చీము పంపుదాకా పాకితే మళ్ళీ కొయ్యాలంటున్నారు. మందు ఎక్కిస్తున్నారు గానీ జ్వరం ఇంకా దిగలేదు.

నర్సమ్మ కత్తెర తెచ్చింది. "ఆగమ్మా, మా ఊళ్ళో మొగోడి మొలతాడు తెంపీది సచ్చినప్పుడే" అన్నాను. పంపు పెట్టాక నాకు నాడి దొరకదు కదా, మీ తమ్ముడు సింహాచలం అందుకున్నాడు. "నాడే లేనోడివి, నీకేటి బావా ఇంకా పట్టింపు?"

తెంపేశారు. నువ్వు బొట్టు తడుముకోకు.

నన్ను చూడ్డానికని ఊరంతా పలాస వెళ్ళి రైలెక్కకండి. ఇన్వర్టర్‌లో నీళ్ళు పోయించావా? కరెంటు పోతే నా పంపు బేటరీలకి అదే దిక్కు. నేనొచ్చాక పుండుకి పసుపు పెట్టొద్దు. సబ్బుతో చేతులు కడుక్కుని కట్టు మార్చడం మన పిల్ల ప్రవల్లిక నేర్చుకోవాలి. దానికి నా దీవెనలు.

తాడు పారెయ్యలేదు. బేటరీల సంచికి కట్టాను. ఇప్పుడు నా ప్రాణం ఉండేది అందులోనే కదా.

మీ ఆయన,
ఎర్రయ్య