పాప పడుకుంది

చిట్టితల్లికి నాన్న ఆశీస్సులు.

ఇక్కడ అందరం కులాసా. అందరమంటే నేనూ, మీ అమ్మా, మెట్ల కింద పిల్లలు పెట్టిన పిల్లీ. నువ్వూ అల్లుడుగారూ ఒంట్లో బాగున్నారని తలుస్తాను.

నీ ఉత్తరం అందింది. అమ్మ మోకాలు ఎలా ఉందని అడిగావు. మెట్లు దిగేటప్పుడు మూలుగుతోంది, పక్కింటికి కబుర్లకు వెళ్లేటప్పుడు మాత్రం పరుగే. రిటైరయ్యాక నాకు తోస్తోందా అన్నావు. నేను బస్సును వదిలినా కండక్టరు నన్ను వదల్లేదని మీ అమ్మ దెప్పుతోంది. పాత ఈల ఇంకా జేబులోనే ఉంటుంది మరి. ఇక ఆఖర్న, ఫోను ఎందుకు ఎత్తడం లేదు, ఆ రోజు అంత విషయం చెబితే "మంచిది, మంచిది" అని పెట్టేశావేం నాన్నా, నా మీద కోపమా అని రాశావు. దానికీ జవాబు ఉంది. కాస్త ఓపిక పట్టు.

సాయంత్రాలు బీచికి వెళ్తున్నాం. మనుషులకు పక్కవాడి ధ్యాసే ఉండదమ్మా. గాలి ఎటు వీస్తోందో చూడకుండా తువ్వాలు దులుపుతారు, ఆ ఇసుకంతా పక్కవాళ్ల టీలో పడుతుంది. పడుకున్నవాళ్ల తల మీదుగా బంతి తంతారు. నేను ఊరుకోలేక "కొంచెం అటు జరగండి, అటు" అంటూ అందరినీ సర్దుతుంటాను. "ఇది మీ బస్సు కాదు, కూర్చోండి" అంటుంది మీ అమ్మ. అన్నిటికన్నా నాకు ఒళ్లు మండేది రేడియోల మోత. నాకూ ఒక బుల్లి రేడియో ఉందనుకో, కానీ నా ఒక్కడికే వినపడేలా పెట్టుకుంటాను.

మొన్న అలాగే పెట్టుకుని కూర్చున్నాను. మీ అమ్మ నీళ్ల అంచున ఎక్కడో దూరంగా నడుస్తోంది. అవతలి గొడుగు కింద నుంచి ఒకమ్మాయి లేచి వచ్చి నా దగ్గర వంగి ఏదో అంది. "పాప పడిపోయిందండి" అన్నట్టు నాకు వినపడింది. ఇంకేముంది, నీళ్లలో పడిందనుకుని ఉన్నపళాన లేచాను. "జరగండి, జరగండి" అని అరుస్తూ, జనం పరుచుకున్న దుప్పట్లు తొక్కుకుంటూ, అందరి మొహానా ఇసుక కొడుతూ పోయి చెప్పులతో సహా నీళ్లలో దిగాను. నడుంలోతు నీళ్లలో చేతులతో దేవుకుంటూ ఈల కూడా ఊదాను. బీచి బీచంతా లేచి నిలబడింది. ఆ అమ్మాయి వెనకే పరుగెత్తుకొచ్చి చెబుతూనే ఉంది. పెదవులు కదులుతున్నాయి తప్ప నాకు ముక్క అందడం లేదు. ఆఖరికి నా చెయ్యి పట్టుకుని ఒడ్డుకు లాక్కొచ్చి, తడి ఇసుక మీద వేలితో రాసింది: "పాప పడుకుంది. రేడియో తగ్గించండి అన్నాను."

చూస్తే, గొడుగు కింద పాప నా ఈలకు లేచి మొహం ఎర్రగా చేసుకుని ఏడుస్తోంది. నాలుగు తిట్టినా బాగుండేది. ఆ అమ్మాయి తిట్టలేదు. నా మొహంలోకి చూసి, కింద ఇంకో వరుస రాసింది: "మా నాన్నకీ ఇంతే."

నాకు ఏడుపొచ్చింది. మీ అమ్మ వస్తోందని ఆ వరుస కాలితో చెరిపేశాను.

ఇప్పుడు నీ ప్రశ్న. నాకు చెవులు పోతున్నాయి తల్లీ. బతుకంతా ఇంజను మోత పక్కన నిలబడ్డాను కదా, అందుకేనేమో. అమ్మకు తెలియదు. నేను మాట వినననేది పెళ్లయినప్పటి నుంచీ ఉన్న గోలే గనక తనకు తేడా తెలియలేదు. ఫోనులో నీ గొంతు అందుతుంది, మాటలు అందవు. వినపడలేదంటే చిన్నతనమని అందరికీ చెప్పినట్టే నీకూ "మంచిది" అనేశాను. నీ ఉత్తరం చదివాకే తెలిసింది, అది మంచిది అనదగ్గ మాట కాదని. అప్పటి నుంచి ముద్ద దిగడం లేదు. పైగా ఆ సంగతి అమ్మకు అప్పుడే చెప్పొద్దని రాశావు. చెప్పడానికి నాకు తెలిస్తే కదమ్మా.

ఇది పోస్టులో వేసి వచ్చి నా చెవుల సంగతి అమ్మకు చెప్పేస్తాను. నీకొచ్చిన కష్టమేమిటో మొదటి నుంచీ మళ్లీ రాయి. పెద్ద అక్షరాలు అక్కర్లేదు, కళ్లు బాగానే ఉన్నాయి.

ఇట్లు,
నీ మాట వినని నాన్న కాదు తల్లీ,
వినపడని నాన్న