నోటీసు బోర్డు మీద తాళం

తార్నాక,
7 ఫిబ్రవరి 1997

దయాకర్ తమ్ముడికి సమ్మక్క దీవెనలు.

మా పెళ్లి సంబంధాల ఆఫీసుకు నువ్వు చేసిచ్చిన ప్రోగ్రామ్‌ను నమ్మి, ఆడపిల్లల తల్లులు నా చెవిలో చెప్పినవన్నీ కంప్యూటర్‌లో దాచాను. పాస్‌వర్డ్ లేనిదే తెరుచుకోదన్నావు. నిన్న మా ఇంట్లో అద్దెకుండే రజిని యూనివర్సిటీ నుంచి వచ్చి, "అక్కా, దయాకరన్న నీ ప్రోగ్రామ్ అంత అచ్చు కొట్టి నోటీసు బోర్డుకు అంటించిండు, అందరు నిలబడి చదువుతున్నరు" అంది. నా ప్రాణం పోయింది. గోల్నాక నవనీతకు మొదటి పెళ్లి పెటాకులైన సంగతి పెళ్లికొడుక్కు తెలుసు, వాళ్ల మేనత్తలకు తెలియదు. నెలాఖరులో పెళ్లి. వెంటనే పీకెయ్.

మీ అక్క,
సమ్మక్క

తా.క.: నా అసలు వయసు కూడా అందులోనే ఉంది. ముందు అది పీకు.

యూనివర్సిటీ హాస్టల్,
10 ఫిబ్రవరి

సమ్మక్కకు నమస్కారాలు.

గోడ మీదున్నది తాళం ఎలా చేశానన్న వివరమే. నవనీత సంగతీ నీ వయసూ నీ కంప్యూటర్‌లోనే భద్రంగా ఉన్నాయి. చేసిన నేనే గట్టిగా ఉందంటే ఎవరు నమ్ముతారు? పదిమంది చదివితే తప్పులు బయటపడతాయి. మా అబ్బాయి గురించి ఎవరూ వాకబు చేయొద్దనేవాళ్లకు నువ్వు పిల్లనిప్పిస్తావా?

నీ తమ్ముడు,
దయాకర్

తా.క.: ఇప్పటిదాకా దొరికిన తప్పు ఒక్కటే. కాగితాలు వంకరగా అంటించానట.

తార్నాక,
13 ఫిబ్రవరి

దయాకర్‌కు,

వాకబు వేరు, దొంగకు తాళం చూపించడం వేరు. నీ బోర్డు ముందు ఎవరు నిలబడ్డారో తెలుసా? నా సంబంధాలు ఎగరేసుకుపోయే విద్యానగర్ ఇన్నయ్య. కంప్యూటర్ కోర్సు చేసే కూతురు భాగ్య చదువుతుంటే, ఆయన టిఫిన్ డబ్బా పట్టుకుని కాపలా కాశాడట. నవనీత పెళ్లి ఆగితే ఆ తల్లికి నా మొహం ఎలా చూపించను? కంప్యూటర్‌ను బీరువాలో పెట్టి తాళం వేశాను.

సమ్మక్క

తా.క.: టీవీలాంటిది లోపల పట్టలేదు. దాని మీద దుప్పటి కప్పాను.

యూనివర్సిటీ హాస్టల్,
18 ఫిబ్రవరి

అక్కా,

కూర్చుని చదువు. భాగ్య పెద్ద తప్పే పట్టుకుంది. నా ప్రోగ్రామ్ పాస్‌వర్డ్‌లో మొదటి అక్షరం ఒక్కటే చూస్తోంది, మిగతావి ఏం కొట్టినా తెరుచుకుంటోంది. ఈ సంగతి ఇన్నయ్యగారే పరుగున వచ్చి నాకు చెప్పి, "జల్ది బాగుచెయ్యి బిడ్డా" అని నా చేతులు పట్టుకున్నారు. ఎందుకో అర్థం కాలేదు. సరిచేశాను, భాగ్య మళ్లీ చదివి సరేనంది. కొత్త ఫ్లాపీ పంపుతున్నాను.

సిగ్గుతో,
దయాకర్

తా.క.: పాస్‌వర్డ్ కూడా మార్చుకో. కొట్టేటప్పుడు నువ్వు పైకి చదువుతావని రజిని చెప్పింది.

తార్నాక,
27 ఫిబ్రవరి

దయాకర్ తమ్ముడికి మనసారా దీవెనలు.

నీ ఉత్తరం చూసి కొట్లాటకే విద్యానగర్ వెళ్లాను. ఇన్నయ్య మంచినీళ్లిచ్చి, తలుపు దగ్గరికేసి, "సమ్మక్కా, నీ ఫైళ్లు తెరుద్దామనే ఆ బోర్డు కాడికి పోయిన. భాగ్య దారి చెప్పంగనే సంబురంగ ఇంటికొచ్చి నా కంప్యూటర్ ముందర కూసున్న. అప్పుడు యాదికొచ్చింది, నేను నడిపేది గూడ నీ ప్రోగ్రామే, దొంగ కాపీ. నీది తెరుచుకుంటే నాది గూడ తెరుచుకుంటది గద" అన్నాడు. కోపం రావాల్సింది, నవ్వొచ్చింది. గుండె మీది బండ దిగింది. నవనీత పెళ్లి నిన్న చల్లగా జరిగింది. మేనత్తలు బగారన్నంలో ఉప్పు తక్కువైందని తప్ప ఇంకేమీ అనలేదు.

మీ అక్క,
సమ్మక్క

తా.క.: ఆ కాగితాలు పీకకు. ఈసారి పెద్ద అక్షరాలతో అంటించు, ముషీరాబాద్‌లో నాకు ఇంకో శత్రువు ఉన్నాడు, ఆయనకు చూపు ఆనదు.