రేవు మూతపడుతుందన్న వార్త

ప్రకటనలు వచ్చే సందులోనైనా నా మాట చదువుతారనుకుంటున్న శ్రీవారికి,

ఒకే కప్పు కింద ఉంటూ మొగుడికి ఉత్తరం రాసే ఆడదాన్ని నేనొక్కదాన్నే అయ్యుంటాను. ఏం చెయ్యను? నేను నోరు తెరిస్తే మీ చెయ్యి లేస్తుంది. "ష్! ఉండవే, టీవీలో ముఖ్యమైంది చెబుతున్నాడు." పెళ్ళయిన నాటి నుంచీ మీకు ముఖ్యమైంది వాడే చెబుతున్నాడు. అందుకే ఈ కాగితం రిమోటు కింద పెట్టి వెళ్తున్నాను. ఇంటి లెక్కలు రాసే చెయ్యి కనుక ఏదీ వదలకుండా వరుసగా రాస్తాను.

మన పిచ్చుకకు రేవులో క్రేను నడిపే ఉద్యోగం వచ్చింది. పుట్టినప్పుడు గుప్పెడంత ఉందని ఆ పేరు పెట్టింది మీరే. ఆ గుప్పెడంత పిల్ల మేడంత ఎత్తెక్కి ఓడల్లోంచి పెట్టెలు దించడం నేర్చుకుంది. ఆ సంగతి చెప్పడానికి మీ ముందుకొస్తే, దాని మొహమైనా చూడకుండా, "రేవుల్లో గొడవలు రాబోతున్నాయి, అంతా మూతపడుతుంది. వార్తలు చూడవా నువ్వు?" అన్నారు. అది వంటింట్లోకి వచ్చి, "రానని రాసేస్తాలే అమ్మా" అంది. నర్సు చదువు చదువుతానన్నప్పుడు జబ్బుల వార్తలు. పక్క ఊళ్ళో కుట్టుపని కొట్టు పెడతానంటే వరదల వార్తలు. దానికి ముప్పై ఏళ్ళు వస్తున్నాయి. లోకం బాగుపడ్డాక బతుకు మొదలుపెట్టమంటారా?

ఇంకొకటి. ఇది రాయకూడదనుకున్నాను. నిరుడు నా రొమ్ములో గడ్డ తగిలింది. మీకు చెప్పాను. చెప్పలేదనకండి. ఆ రోజు ఏదో దేశపు ప్రధానికి మోకాలి ఆపరేషన్. మీ చెయ్యి లేచింది. మర్నాడు ఆసుపత్రికి వెళ్తున్నానంటే, "తలుపు దగ్గరికి వేసి వెళ్ళు" అన్నారు. నా చెయ్యి పట్టుకుని కూర్చున్నది పిచ్చుక. గడ్డ తీసేసి, భయం లేదన్నారు. ఆ వారమంతా ఆ ప్రధాని ఎంత బాగా నడుస్తున్నాడో మీరు చెబుతూనే ఉన్నారు. కుట్లు సలుపుతుంటే నేను వింటూ వడ్డించాను.

లోకంలో జరిగేదంతా తెలుసు మీకు. తెలిసి ఏం చేశారు? భయపడ్డారు, మమ్మల్ని భయపెట్టారు. అంతే కదా! నాకు మీ వార్తలు అక్కర్లేదు. పిచ్చుకను తీసుకుని రేవుకు వెళ్తున్నాను. ఫ్రిజ్‌లో రేపటి వరకూ ఉంది. ఎల్లుండి ఏం వండుకోవాలో ఆ వార్తలవాణ్ణే అడగండి.

ఇట్లు,
ఎన్నడూ వార్త కాలేకపోయిన మీ ఇంటావిడ


అన్నీ ముందే తెలిసే శ్రీవారికి,

గెలిచారు, సంతోషించండి. రేవు మూతపడింది. కంపెనీ కొత్తవాళ్ళందరినీ తీసేస్తానంది. పిచ్చుకా కొత్తదే. పనివాళ్ళంతా గేటు ముందు కూర్చున్నారు. మా గది కింద టీ కొట్టాయన, "పేపరు చదవరా అమ్మగారూ? ఎప్పట్నుంచో రాస్తూనే ఉన్నారుగా!" అని నవ్వాడు. నాకు తల కొట్టేసినట్టయింది. చదివి ఉంటే దాన్ని తీసుకొచ్చేదాన్నా? తీసుకొచ్చేదాన్నే. కాకపోతే గేటుకు దగ్గరగా గది చూసుకునేదాన్ని, ఇంకో దుప్పటి తెచ్చుకునేదాన్ని. ఇప్పుడు పేపరు కోసం పొద్దున్నే నేనే మెట్లు దిగుతున్నాను. నవ్వుకోండి.

నేను ఫోన్ ఎత్తడం లేదని మొన్న టీ కొట్టు నంబరు ఎలా సంపాదించారో గానీ, దానికి చేసి, "రేపు పోలీసులు గేటు ఖాళీ చేయిస్తారట. దాన్ని లాక్కుని వచ్చెయ్యి" అన్నారు. అంత గొప్పగా ఉత్తరం రాసినదాన్ని, పైకెళ్ళి సంచీ సర్దేశాను.

పిచ్చుక వచ్చి సంచీ చూసింది.

"ఎవరు చెప్పారమ్మా?"

"మీ నాన్న. వార్తల్లో వచ్చిందట."

అది చెప్పులైనా విప్పకుండా వెనక్కి తిరిగింది.

"ఎక్కడికే?"

"ఇళ్ళకు పోయినవాళ్ళందర్నీ పిలవొద్దూ? నాన్న చెప్పకపోతే రేపు గేటు దగ్గర పదిమందిమే ఉండేవాళ్ళం!"

నిన్న పొద్దున పోలీసులు వచ్చేసరికి రోడ్డంతా జనం. పెళ్ళాలు, ముసలాళ్ళు, టీ కొట్టాయన, వాళ్ళ మధ్యలో నేను. పోలీసులు కాసేపు నిలబడి చూసి, వెళ్ళిపోయారు. సాయంత్రం కంపెనీ వాళ్ళు మాట్లాడదాం రమ్మని కబురంపారు. లోపలికి వెళ్ళే అయిదుగురిలో పిచ్చుక ఒకతి. మీ వార్త మొదటిసారి ఒకరికి పనికొచ్చింది, మీరు అనుకున్న పనికి కాకపోయినా.

ఆసుపత్రి సంగతి నేను మర్చిపోలేదు, మర్చిపోను. ఇంటికి ఎప్పుడొస్తానని అడగొద్దు. కానీ ఇక్కడ ఏం జరగబోతోందో మీకు ముందుగా తెలిస్తే చెప్పండి. ఫోన్ నేనెత్తను, పిచ్చుకే ఎత్తుతుంది. క్రేను మీద అంత ఎత్తున ఎలా కూర్చుంటావు, కళ్ళు తిరగవా అని ముందు అడగండి. అది చెప్పేదంతా వినండి. వార్త ఆ తర్వాత.

ఇట్లు,
పిచ్చుక వాళ్ళమ్మ