మట్టి అల్లం

ఫిబ్రవరి 10, మంగళవారం

మధ్యాహ్నం మూడు గంటల పది నిమిషాలకు యాదమ్మ కుడి కంట్లో యాసిడ్ పడింది. కోహీర్ రోడ్డులో అల్లం కడిగే షెడ్డు. యజమాని విరూపాక్ష. విరూపాక్ష నా భార్య తమ్ముడు.

మొదటి మూడు వాక్యాలు వార్త. నాలుగోది ఎక్కడ రాయాలో తెలియక ఇక్కడ రాస్తున్నాను.

నాకు ఫోన్ వచ్చింది ఐదు దాటాక. చేసింది విరూపాక్షే. గొంతు మామూలుగా ఉంది. బావా, షెడ్ల చిన్న లొల్లి అయింది, ఒకామె కంట్ల మందు పడ్డది, మీ పేపరోళ్లు ఎవలన్నా వస్తే జర నువ్వే సూస్కోవాలె అన్నాడు. ఆమె ఎలా ఉందని అడిగాను. ఇప్పటిదాంక ఎవలన్నా వచ్చిన్రా అని అతను నన్ను అడిగాడు.

ఆసుపత్రికి వెళ్లాను. యాదమ్మది మొగుడంపల్లి. నలభై దాటి ఉంటాయి. కంటి మీద తడి గుడ్డ, చెంప నుంచి మెడ దాకా ఎర్రటి చారలు. అరచేతుల మీద చర్మం పొరలుగా లేచి ఉంది. అది ఈ రోజుది కాదు. చీర కొంగు నిండా చిన్న చిన్న రంధ్రాలు. పురుగుమందు గుడ్డను అలా తినదు.

హైదరాబాద్ కంటి ఆసుపత్రికి రాశారు. అంబులెన్స్ ఎక్కించేటప్పుడు ఆమె నన్ను షెడ్డు మనిషి అనుకుంది. సారూ, నా చెప్పులు గాడ్నే ఉన్నయి, ఎవలన్న ఏస్కపోతరు, జర తీసి పెట్టున్రి అంది.

ఫిబ్రవరి 11, బుధవారం

షెడ్డులో యాసిడ్‌ను ఎవరూ యాసిడ్ అనరు. మందు అంటారు. మందు కలిపిన నీళ్లలో అల్లం ముంచి తీస్తే పైపొట్టు పోయి తెల్లగా, నిగనిగలాడుతూ వస్తుంది. దాని పేరు పాలిష్ అల్లం. ఎక్కడో పెద్ద నగరాల మార్కెట్లలో ఇలా చేస్తారని చదివాను. విరూపాక్ష షెడ్డులో నీళ్లతోనే కడుగుతారని నమ్మాను. ఆ నమ్మకానికి ఆధారం విరూపాక్ష మాట.

ఈ రోజు డాక్టర్‌తో మాట్లాడాను. నిన్న తీసుకొచ్చినవాళ్లు కంట్లో మందు పడిందని మాత్రమే చెప్పారట. ఏ పంటకు కొడుతున్నారమ్మా అని ఆయన అడిగారు. ఏ మందు, డబ్బా ఏదీ అని అడిగారు. నర్సు కొంగులో రంధ్రాలు చూపించాక గానీ ఆయనకు అర్థం కాలేదు.

ఒకటి మాత్రం ఆయన గట్టిగా చెప్పారు. ఏది పడినా సరే, పడిన వెంటనే మంచినీళ్లు ధారగా పోస్తూ ఉండాలి, అలా పోస్తూనే ఆసుపత్రికి తేవాలి. ఆలస్యమైన కొద్దీ కన్ను చేజారుతుంది.

షెడ్డు నుంచి ఆసుపత్రికి పావుగంట దారి. ఆమెను తెచ్చింది నాలుగున్నరకు. ఈ మధ్యలో ఏం జరిగిందని విరూపాక్షను అడిగాను. ట్రాఫిక్ బావా అన్నాడు. కోహీర్ రోడ్డులో మధ్యాహ్నం మూడింటికి ట్రాఫిక్!

ఫిబ్రవరి 12, గురువారం

త్రివేణి, నా భార్య, తన తమ్ముడి పేరు ఎత్తలేదు. నేను యాదమ్మ పేరు ఎత్తలేదు. టీవీలో మ్యాచ్ ఎవరు గెలిచారో ఇద్దరికీ తెలియదు.

ఫిబ్రవరి 13, శుక్రవారం

యాదమ్మను ఇంటికి పంపారని తెలిసి మొగుడంపల్లి వెళ్లాను. చిన్న ఆపరేషన్ చేసి కన్నుకు కట్టు కట్టారు. మళ్లీ గురువారం రమ్మన్నారు. కట్టు విప్పితే గానీ చూపు సంగతి చెప్పలేమన్నారు.

అరుగు మీద కూర్చుని ఒంటి కంటితో చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. ఈసారి నేను ఎవరో చెప్పాను. పేపరాయనా అంది. ఫొటో తీస్తే ఎడమ దిక్కు నుంచి తియ్యున్రి, గది మంచిగుంది అంది. ఆమె తప్ప ఎవరూ నవ్వలేదు.

నేను షెడ్డు సేటుకు బావనవుతానని కూడా చెప్పాను. చేతిలో చిక్కుడుకాయ ఆగింది. పక్కనున్న ఆడపడుచు లేచి నిలబడింది. ఇగ గీయనకెందుకు చెప్తవే, చెప్పులు తెచ్చిండా అడుగు అంది. చెప్పులు తేలేదు. షెడ్డుకు తాళం వేసి ఉంది.

చిక్కుడుకాయలు పక్కన పెట్టి యాదమ్మే మొదలుపెట్టింది. డబ్బా ఎత్తి టబ్బులో వంచుతుంటే చెయ్యి జారింది. మంట మంట అని అరిచింది. నీళ్లు పోయమంది. షెడ్డులో ఉన్నవి టబ్బుల్లో నీళ్లే. వాటిలో మందు ఉంది. తాగడానికి ఒక కుండ ఉంటే అది పోశారు. కరెంటు లేదు, బోరు నడవలేదు. బండిలో ఎక్కించమని తోటివాళ్లు అరిచారు. బండి షెడ్డు ముందే ఉంది, ట్రాలీ ఆటో. దాంట్లోకి డబ్బాలు ఎక్కించమన్నాడు విరూపాక్ష.

నేను సరిగా విన్నానా అని మళ్లీ అడిగాను. అవ్ సారూ, ముందుగాల డబ్బాలు పోయినయి, బండి మల్లొచ్చినంక నన్ను తోల్కపోయిన్రు అంది. పోలీసులొస్తే డబ్బాలు కండ్లవడొద్దని సేటు ఫికర్. అందాక గోడకు ఆనుకుని కూర్చున్నానంది. కొంగు తడిపి కంటి మీద పెట్టుకున్నానంది. మందు పడిన కొంగే.

ఈమె మాట ఒక్కటే పట్టుకుని రాయలేను. ట్రాలీ డ్రైవర్ ఈరయ్యను బస్టాండ్ దగ్గర పట్టుకున్నాను. మొదట తెలవదన్నాడు. తర్వాత ఎదురు తిరిగాడు. సేటు చెప్పిండు, నేను నడిపిన, నా తప్పేంది సార్, నేను అటు పోయి ఇటొచ్చెదాంక ఆమె లొల్లి నా చెవులల్ల మోగుతనే ఉంది అన్నాడు. డబ్బాలు ఎక్కడ దించావని అడిగాను. న్యాల్‌కల్ అన్నాడు. మీ అత్తగారింట్లనే సార్, మీకు తెల్వదా?

హోటల్లో టీ చెప్పి తాగలేకపోయాను. అల్లం వేశాడు.

ఫిబ్రవరి 15, ఆదివారం, శివరాత్రి

న్యాల్‌కల్ వెళ్లాం. ప్రతి ఏడూ వెళతాం. అత్త నీలమ్మ ఉపవాసం. త్రివేణి ఉపవాసం. విరూపాక్ష విభూతి మూడు రేఖలు పెట్టుకుని, తెల్ల పంచె కట్టుకుని వాకిట్లో వచ్చేపోయేవాళ్లకు అరటిపండ్లు పంచుతున్నాడు. నన్ను చూసి బావా రా రా అని చెయ్యి పట్టుకున్నాడు. చెయ్యి మెత్తగా ఉంది. పొర ఎక్కడా లేవలేదు.

యాదమ్మను చూసొచ్చావా అని అడిగాను. పండుగ పూట గా ముచ్చట ఎందుకు బావా, దవాఖాన మొత్తం మనమే సూస్కుంటున్నం గదా అన్నాడు. పక్కనున్న ఎవరో, మా సేటు దిల్ పెద్దది అన్నారు.

ఉపవాసం వాళ్లకు టీ పెడుతూ నీలమ్మ వంటింట్లో అల్లం కడుగుతోంది. గోనెసంచిలో మట్టి పట్టిన అల్లం. కణుపుల సందుల్లో నల్లరేగడి. గోటితో గీకుతోంది. మా ఇంటికీ విరూపాక్ష ఇలాంటిదే పంపుతాడు, పెళ్లయినప్పటి నుంచీ. చేను నుంచి నేరుగా వచ్చిందనీ, అక్క మీద ప్రేమ అనీ అనుకునేవాణ్ణి. ఇంత గీకడమెందుకు, షెడ్డులో కడిగింది తెచ్చుకోవచ్చు కదా అన్నాను. తెలిసి అడగలేదు. నోటికి వచ్చింది అడిగాను.

ఆమె తల ఎత్తకుండా, గది అమ్మెటిది అల్లుడా, మనం తినేది కాదు అంది.

కూరలో ఉప్పు చాలిందా అన్నంత మామూలుగా అంది. త్రివేణి అక్కడే ఉంది. కప్పులు తుడుస్తోంది. ఆశ్చర్యపోలేదు. అప్పుడు చూశాను ఆమె ముఖం. ఆశ్చర్యపోలేదు.

పెరట్లోకి వెళ్లాను. స్నానాల గది వెనక పరదా కప్పి నీలం డబ్బాలు. ఒక డబ్బా మూత ఊడి, కింద గడ్డి మాడి ఉంది. ఫొటోలు తీశాను. వెనక్కి తిరిగితే గుమ్మంలో త్రివేణి. నేను టీ తాగలేదు. నాకు ఉపవాసం లేదని అందరికీ తెలుసు.

ఫిబ్రవరి 16, సోమవారం

ఉదయం త్రివేణితో గొడవ. రాస్తే రాయి, పేరు రాయకు అంది. పేరు లేకపోతే అది వార్త కాదన్నాను. డబ్బాలు మా అమ్మ ఇంట్ల ఉన్నయని రాస్తవా, ముసల్దాన్ని టేషన్ల కూసోబెడ్తరు, అప్పుడు నీకు చల్లగుంటదా అంది. మట్టి అల్లం సంగతి ఎప్పటి నుంచి తెలుసని అడిగాను. అందరికీ తెలుసంది. అందరంటే ఎవరని అడిగాను. మా ఇంటోళ్లందరికీ అంది.

నేను ఆ ఇంటివాణ్ణి కానని ఇన్నేళ్లకు తెలిసింది. అందుకు సంతోషించాలో ఏమో. ఆ అల్లం మాత్రం తిన్నాను. ఊరంతా పాలిష్‌ది తింటుంటే నేను మట్టిది తిన్నాను. నా కడుపు శుభ్రంగా ఉంది.

మధ్యాహ్నం వార్త పంపాను. యాసిడ్, షెడ్డు, విరూపాక్ష పేరు, ముందు డబ్బాలు తర్వాత మనిషి, న్యాల్‌కల్ ఇల్లు, ఫొటోలు. అతను నాకు బావమరిది అవుతాడని డెస్క్‌కు విడిగా రాశాను. సాయంత్రం సంగారెడ్డి డెస్క్ నుంచి వెస్లీ ఫోన్ చేశాడు. నాకంటే పదిహేనేళ్లు చిన్నవాడు, మంచివాడు. అన్నా, యాసిడ్ అనెటందుకు ల్యాబ్ రిపోర్ట్ ఉందా అన్నాడు. లేదన్నాను. కేసు అయిందా? కాలేదు. మరి జర లైట్‌గా తీస్కుందాం అన్నా, మీకు కూడా మంచిది, సొంతోళ్లు గదా అన్నాడు.

నాకు మంచి చేసే వాళ్లు ఈ వారం ఎక్కువయ్యారు.

ఫిబ్రవరి 17, మంగళవారం

జిల్లా పేజీ, అడుగున, అగ్గిపెట్టె అంత. “కంట్లో మందు పడి కూలీకి గాయం.” ఊరి పేరు ఉంది, యాదమ్మ పేరు ఉంది. షెడ్డు పేరు లేదు. మందు అన్న మాట షెడ్డులో పుట్టి, ఆసుపత్రి చుట్టూ తిరిగి, నా పేపర్లో అచ్చయింది.

ఏడింటికే విరూపాక్ష ఫోన్. థాంక్స్ బావా, నాకెర్కనే నువ్వు ఇడ్సిపెట్టవని, అల్లం బస్తా పంపుత అన్నాడు. ఫోన్ పెట్టి నోరు కడుక్కున్నాను.

త్రివేణి పేపర్ చదివింది. గిదేనా నువ్వు రాసింది, గీ ముచ్చటకా నిన్న నన్ను దొంగను చూసినట్టు చూసినవ్ అంది. నేను పంపింది ఫోన్‌లో తీసి ఇచ్చాను. కళ్లద్దాలు పెట్టుకుని నిలబడే చదివింది. ఒకచోట ఆగింది.

డబ్బాలు ముందుగాల పోయినయా అంది.

అవునన్నాను. యాదమ్మ చెప్పింది, ఈరయ్య చెప్పాడు.

ఆమె గోడకు కూసోనుండంగనా?

అవునన్నాను. ఇది ఆమెకు తెలియదు. అల్లం సంగతి తెలుసు, డబ్బాలు చూసింది, ఇది తెలియదు. నేనూ చెప్పలేదు. నాలుగు రోజులు ఒకే మంచం మీద పడుకుని చెప్పలేదు.

ఫోన్ నా చేతిలో పెట్టి లోపలికి వెళ్లింది. చీర మార్చుకుని వచ్చింది. బండి తీయమంది. మొగుడంపల్లి అనుకున్నాను. పోలీస్ స్టేషన్ అంది. నువ్వు లోపలికి రావొద్దు, మొగడు చెప్పిచ్చిండంటరు అంది. బయట వేపచెట్టు కింద బండి దగ్గర నిలబడ్డాను. ఏళ్ల తరబడి వార్తల కోసం వెళ్లిన స్టేషన్. బయట నిలబడటం మొదటిసారి. కిటికీలోంచి త్రివేణి గొంతు వినిపించింది. ఫిర్యాదు రాసుకునే రైటర్, మందా అమ్మా అని అడిగాడు. మందు కాదు సార్, యాసిడ్. యాసిడ్ అనే రాయున్రి. డబ్బాలు మా అమ్మ ఇంట్ల ఉన్నయి. పెట్టించింది నా తమ్ముడు, విరూపాక్ష. మా అమ్మకు గా డబ్బాలల్ల ఏమున్నదో తెల్వదు.

చివరి మాట నిజమో కాదో నాకు తెలియదు. వార్త కోసం రాసుకోలేదు.

మధ్యాహ్నానికి పోలీసులు డబ్బాలు తెచ్చారు. నీలమ్మ ఫోన్ చేసి, నా కడుపున పుట్టి నా ఇంటికి పోలీసులను తోలినవా అని తమ ఇంటి కన్నడంలో ఒకసారి, తెలుగులో ఒకసారి తిట్టింది. త్రివేణి రెండూ విన్నది. విరూపాక్ష నాకు చేశాడు. నువ్వే పంపినవ్ బావా, అక్క ఎట్ల పోతది, అక్క పోదు అన్నాడు. అదే మాట నాలుగుసార్లు అన్నాడు. యాదమ్మ సంగతి ఈసారీ అడగలేదు.

వెస్లీ కూడా చేశాడు. అన్నా, కేసు అయిందట గదా, రేపు మంచిగ వాడుకుందాం, డిటైల్స్ పంపున్రి అన్నాడు. నిన్న పంపినవే మళ్లీ పంపాను. ఒక్క అక్షరం మార్చలేదు.

సాయంత్రం త్రివేణి ఇంట్లో ఉన్న అల్లమంతా పెరట్లో గుంట తీసి పూడ్చింది. మొలుస్తుందేమో అన్నాను. మొలవనీ అంది.

ఫిబ్రవరి 18, బుధవారం

టీలో అల్లం లేదు.

పోలీసులు తలుపు తీసినప్పుడు షెడ్డులో యాదమ్మ చెప్పులు దొరికాయి. త్రివేణి సంచిలో పెట్టుకుంది.

కుడి కన్ను మూసుకుని ఈ పేజీ రాస్తున్నాను. అక్షరాలు గీత మీద నిలవడం లేదు.

రేపు తెల్లవారుజామున హైదరాబాద్ బస్సు. యాదమ్మ వెంట త్రివేణి వెళుతోంది. పదింటికి కట్టు విప్పుతారు.