నీళ్లు చల్లిన తాంబూలం

ప్రియమైన చిన్నపోలయ్య అన్నకు,

ఫోన్ చేస్తే స్పీకర్లో పెట్టి మీ ఊరి పెద్దలందరికీ వినిపిస్తావు. అందుకే కాగితం మీద రాసి ఐసు వ్యాను తోలే నాగూర్ చేత పంపుతున్నాను. సరస్సులో వలలు కోసిన గొడవతో మా ఊరూ, ఉష అత్తగారి ఊరూ ఒకరి పడవలు ఒకరు పట్టుకుని, రాకపోకలూ ఫోన్లూ మానేశాయి. తొలికాన్పుకు పుట్టింటికి రావలసిన నా కూతురు అక్కడే చిక్కుకుపోయింది. దానికి నెలలు నిండాయి. వాళ్ల ఊరిపెద్ద పెద్దకాపు, మన వియ్యంకుడే, రాజీకి తాంబూలం పంపాడనీ, అది నీ ఇంట్లో ఉందనీ విన్నాను. మాకెందుకు పంపలేదు?

నీ చెల్లెలు,
గురవమ్మ

అమ్మీ గురవమ్మా, దీవెనలు.

తాంబూలం వచ్చిన మాట నిజమే. ఎవరితోనూ మాట కలపకూడదని వాళ్ల కట్టుబాటు. వాళ్ల మనిషి పళ్లెం గట్టు మీద పెట్టి, "పెద్దకాపు ఇంటినుంచి. అవతలి ఊరికి అందించండి" అని వెళ్లిపోయాడు. మాది మధ్య ఊరు. మీకు పంపితే వాళ్ల పక్షమంటారు, తిప్పి పంపితే మీ పక్షమంటారు. అందుకని "ముట్టింది, ఆలోచిస్తున్నాం" అని వాళ్లకు కబురు చేశాం. పళ్లెంలో పటికబెల్లం కూడా ఉంది. రాజీలో తీపి ఎందుకని మా పెద్దలకు అనుమానం. దాని మీద ఇంకో కూటం పెట్టాలి. ఆకులు వాడకుండా మీ వదిన పూటపూటా నీళ్లు చల్లుతోంది. ఓపిక పట్టు.

ఎవరి పక్షమూ కాని నీ అన్న,
చిన్నపోలయ్య

అన్నకు,

ఈసారి ప్రియమైన అని రాయబుద్ధి కాలేదు. గోడ మీద పిల్లి కూడా ఎప్పుడో ఒకప్పుడు దూకుతుంది. నా బిడ్డకు ఎప్పుడు నొప్పులొస్తాయోనని నేను చస్తుంటే నువ్వు తమలపాకులకు సేవ చేస్తున్నావు. నిన్ను నమ్ముకుంటే లాభం లేదని నేనే మా పెద్దకాపు దగ్గరికి వెళ్లాను. "వాళ్లే దిగొచ్చి తాంబూలం పంపినారు. పట్టుకున్న పడవలు ఇడిచిపెడితే పెద్దరికం మనకే వస్తది" అన్నాను. మీసం దువ్వుకుని సరేనన్నాడు. రేపు వాళ్ల పడవలు తిరిగి వెళ్తాయి. తరవాత ఏమవుతుందోనని భయంగా ఉంది.

గురవమ్మ

ప్రియమైన మధ్య ఊరి పెద్దమనిషికి,

ఉష పక్కన కూర్చుని రాస్తున్నాను. పడవలు చేరిన మర్నాడే వియ్యంకుడు మా పడవలూ వదిలి, దారి తెరిచి నాకు కబురు పెట్టాడు. వాకిట్లోనే అందుకున్నాడు. "పుట్టింటి సారె మాదిరి పడవలు పంపించినారు, సంతోషం చెల్లెమ్మా. మీ అన్న మాత్రం ఏందమ్మా, మనవరాలు పుట్టిందని తాంబూలం పంపితే ఆలోచిస్తామంటాడు?"

అది రాజీ తాంబూలం కాదన్నా. ఉష మేనమామవని, నాకు చేర్చమని నీ ఊరికి పంపారు. రాజీ ఎవరూ అడగలేదు. మా ఊరు గెలిచామనుకుంటోంది, ఈ ఊరు మర్యాద దక్కిందనుకుంటోంది. ఈ పొద్దున రెండు ఊళ్ల పడవలూ కలిసి వేటకు వెళ్లాయి. నువ్వు నోరు విప్పావంటే మళ్లీ వలలు తెగుతాయి. ఏమీ తేల్చకుండా కూర్చోవడం నీకు బాగా వచ్చు కదా, ఇప్పుడు కూర్చో.

నా పటికబెల్లం నాగూర్ చేత పంపు. పాప పేరు గురించి మాత్రం సలహా చెప్పొద్దు. నువ్వు ఆలోచించేలోపు దానికి పెళ్లవుతుంది.

పాప అమ్మమ్మ,
గురవమ్మ