సూదిపిట్ట ఈ ఏడు రాలేదు

శనివారం మధ్యాహ్నం,
కొట్టు బల్ల దగ్గర నుంచి.

వదినగారికి,

మీ మరదలు నమస్కరించి వ్రాయునది. ఇక్కడ నేనూ, మీ తమ్ముడూ, బాగుపడిన నా మోకాలూ క్షేమం. అక్కడ మీరూ, అబ్బాయీ, కోడలూ క్షేమమని అనుకుంటున్నాను. అనుకోవడమే తప్ప మీరు చెప్పరు కదా. ఫోను చేస్తే రెండు ముక్కలు మాట్లాడి పెట్టేస్తున్నారు. ఆ రెండు ముక్కలూ బావిలోంచి వచ్చినట్టు ఉంటున్నాయి. గొంతే ఇంత నీరసపడిపోతే మనిషి ఎలా ఉందో అని నాకు ఒకటే బెంగ. అందుకే ఉత్తరం రాస్తున్నాను. దీన్ని మధ్యలో పెట్టేయడం మీ వల్ల కాదు.

ముందుగా దీన్ని చదివి వినిపిస్తున్న కోడలికి ఒక మాట. అమ్మాయ్, మీ అత్తగారు చాల్లే అన్నా ఆపకు. నేను తిట్టిన చోట తిట్టినట్టే చదువు. నీకు మంచితనం ఎక్కువ, మెత్తగా మార్చేస్తావు.

మోకాలి సంగతి చెబుతాను. కసరత్తులు నేర్పే పిల్ల ఇక రానంది. తను చెప్పినదానికంటే నేను ఎక్కువ చేస్తున్నానట, ఇలా అయితే రెండో మోకాలు కూడా అరుగుతుందని భయపడింది. కుర్చీలో కూర్చుని కాలు చాపి గాలిలో నిలబెట్టాలి. మొదట్లో కళ్ళ నీళ్ళు వచ్చేవి. ఇప్పుడు కాలు గాలిలో ఉండగానే కూరగాయలు తరుగుతున్నాను. షుగరు అదుపులో ఉంది. బీపీ మాత్రం మీ తమ్ముడి చేతిలో ఉంది.

ఆయనకు ఈ మధ్య కొత్త రోగం పట్టుకుంది. నోట్లో నోట్లో గొణుగుతున్నారు. బస్సు నడిపినన్నాళ్ళూ వెనక సీటు వాళ్ళు కూడా ఉలిక్కిపడేలా మాట్లాడిన మనిషి, రిటైరయ్యాక గొంతు కూడా డిపోలో అప్పగించి వచ్చినట్టున్నారు. ఏమన్నారు అని అడిగితే విసుగు, అడగకపోతే అలక. పళ్ళు కదులుతున్నాయేమోనని డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళాను. పళ్ళన్నీ భేషుగ్గా ఉన్నాయట. ఆ డాక్టరూ గొణిగే రకమే, మీ తమ్ముడు మళ్ళీ చెబితేగానీ నాకు అర్థం కాలేదు.

మన గడియారాల కొట్టు బాగానే నడుస్తోంది. చేతి గడియారాలు తగ్గాయిగానీ గోడ గడియారాలు ఇంకా వస్తున్నాయి. వాటికి కూడా మర్యాద వచ్చిందండీ. ఇదివరకు పదీ పన్నెండూ ఒకేసారి టకటకమంటూ బుర్ర తినేసేవి. ఇప్పటివాటిలో ఏ మెత్తటి చక్రాలు వేస్తున్నారో, కిక్కురుమనవు. కొట్టులో కూర్చుంటే హాయిగా ఉంటోంది.

ఇక పార్కులో మన మడుగు. మోకాలు మాట వినడం మొదలుపెట్టినప్పటి నుంచి ప్రతి ఆదివారం పొద్దున్నే వెళ్తున్నాను. నీళ్ళు నిండుగా ఉన్నాయి. నీటికోడి పిల్లలు తల్లి వెనకాల వరస కట్టి తిరుగుతున్నాయి. మనం అసిస్టెంటు అని పేరు పెట్టిన ఆ కుంటి కొంగ ఇంకా అక్కడే ఉంది, ఇంకా పని చేయడం లేదు. మొన్న లకుముకిపిట్ట వచ్చి నా పక్కనే కొమ్మ మీద వాలింది. వాలేదాకా నాకు తెలియనే లేదు. ఇదివరకు అది వస్తుంటే మీరు ముందే చెప్పేవారు.

మీరు లేకుండా మడుగు దగ్గర తిరగడం నాకు చేత కావడం లేదు, వదినా. బాట మీద మీరు కళ్ళు మూసుకుని నిలబడి, ఎడమ పక్క, రెల్లు మొదట్లో, అనేవారు. నేను అటు బైనాక్యులర్ తిప్పేదాన్ని. బట్టల ఫ్యాక్టరీలో అంతమంది కుట్టే హాలులో ఎవరి మిషను సూది మొద్దుబారిందో చప్పుడును బట్టి చెప్పిన మనిషి మీరు. రెల్లులో అరిచే ఆ బొటనవేలంత పిట్టకు సూదిపిట్ట అని పేరు పెట్టింది కూడా మీరే. దాని గొంతు గుడ్డలో దిగే సూదంత సన్నం అన్నారు. పిట్టలు చూసే మా గుంపు మొత్తం ఇప్పుడు దాన్ని అలాగే పిలుస్తుంది.

ఆ రోజు చెక్కల బాట మీద మీ కాలు జారి మోకాళ్ళ మీద కూర్చుండిపోయి, గుడ్డిదానికి పిట్టలెందుకే అన్నారు. ఆ మాట నాకింకా గుచ్చుకుంటూనే ఉంది. మీరు గడప దాటడం మానేసింది అప్పటి నుంచే కదా. నీటికాసుల జబ్బు తీసుకుపోయిన చూపు తిరిగి రాదని డాక్టరు చెప్పినప్పుడు నేనూ పక్కనే ఉన్నాను. అది కాళ్ళు కూడా తీసుకుపోయిందని ఆయన చెప్పినట్టు నాకు గుర్తు లేదు.

మీరు జారిన చోట ఇప్పుడు పట్టుకోవడానికి ఇనుప కడ్డీ ఉంది. ఊరికే రాలేదు. పార్కు ఆఫీసు చుట్టూ తిరిగి తిరిగి వేయించాను. అక్కడి ఆఫీసరమ్మ నన్ను గుమ్మంలో చూడగానే నీరుగారిపోయేది. చివరికి నా పోరు పడలేక సంతకం పెట్టింది. పట్టుకుని చూశాను, గట్టిగా ఉంది.

అదే ఆఫీసరమ్మతో ఇప్పుడు ఇంకో యుద్ధం. సూదిపిట్ట ఈ ఏడు రాలేదు, వదినా. ప్రతి ఆదివారం రెల్లు దగ్గర మా గుంపంతా చెవులు రిక్కించి నిలబడుతున్నాం. డ్రాయింగు మాస్టారు, మందుల షాపాయన, ఆయన భార్య, నేను, ఎవరికీ చిన్న కూత కూడా వినపడలేదు. అందరం పెద్దవాళ్ళం, అనుభవం ఉన్నవాళ్ళం, ఒక్కరు కూడా కాదనలేదు. గేటు దగ్గరి బోర్డు మీద మాస్టారు ఎంత అందంగా రాశారో దాని పేరు, తన చేత్తోనే కొట్టేశారు. కారణం నాకు తెలుసు. పనివాళ్ళు రెల్లును ముందుగా కోసేశారు. ఆఫీసుకు వెళ్ళి గట్టిగా అడిగాను. పిట్ట అక్కడే ఉందని తన పనివాళ్ళు అంటున్నారట. తప్పు కప్పిపుచ్చుకోవడానికి అనక ఏమంటారు? కావాలంటే మా గుంపులో లేని మనిషినెవరినైనా తీసుకెళ్ళి వినిపించండి, వాళ్ళూ లేదంటే అప్పుడు చూద్దాం అంది.

సరే అన్నాను. రేపు మీ తమ్ముణ్ణి సాక్షిగా తీసుకెళ్తున్నాను. పిట్టలంటే ఆయనకు ఇష్టమూ లేదు, కష్టమూ లేదు. అంతకంటే నికార్సయిన సాక్షి ఎక్కడ దొరుకుతాడు?

అసలు విషయానికి వస్తాను. పై ఆదివారం మొదటి బస్సుకు నేనే వచ్చి మిమ్మల్ని తీసుకెళ్తాను. మీరు ఏమీ చేయక్కర్లేదు. మడుగు పక్క బెంచీ మీద కాసేపు ఎండలో కూర్చోండి, చాలు. కనిపించినవన్నీ నేను చెబుతాను. మీ కంటి చుక్కలు నా సంచిలో ఉంటాయి, వేళకు వేస్తాను. పడతానేమో అంటారా, కడ్డీ ఉంది. నలుగురూ జాలి పడతారు అంటారా, పడనివ్వండి, వాళ్ళకూ పని ఉండాలి కదా. రాను అంటారా, ఆ ఒక్క మాట మాత్రం నేను వినను.

ఇట్లు,
మీరు ఎంత విసుక్కున్నా వదలని
మీ మరదలు.

తా.క. ఆదివారం మధ్యాహ్నం. నిన్న స్టాంపు లేక ఈ ఉత్తరం బల్ల మీదే ఉండిపోయింది. ఉండిపోవడమే మంచిదైంది.

పొద్దున సాక్షిని తీసుకుని వెళ్ళాను. గాలి కూడా లేదు. రెల్లు ముందు నిలబెట్టి, వింటున్నారుగా, ఏమీ లేదుగా అని అడిగాను. ఆయన ఏదో గొణిగారు. గట్టిగా చెప్పమన్నాను. చెవికి చెయ్యి అడ్డం పెట్టుకుని, ఏమీ లేకపోవడమేంటే, జీ జీ జీ అని చెవిలో సూది పెట్టి పొడుస్తోందిగా, ముందు దాన్ని ఆపితే నీ పిట్ట వినపడుతుందేమో అని అరిచారు.

నేను నవ్వాను. నన్ను ఆటపట్టిస్తున్నారనుకున్నాను. ఆయన నవ్వలేదు. వేలు పెట్టి చూపించారు. బైనాక్యులర్ అటు తిప్పితే రెల్లు కొసన అది ఉంది. ముక్కు పూర్తిగా తెరిచి ఉంది. గొంతు కింద ఈకలు వణుకుతున్నాయి. ఒళ్ళంతా ఊగిపోయేలా అరుస్తోంది. నాకు ఏమీ వినపడలేదు, వదినా. ఒక్క ముక్క కూడా.

ఏడ్చాను. మీకోసం వేయించిన కడ్డీ నేనే పట్టుకుని, మీరు కూర్చుండిపోయిన చోటే నిలబడి ఏడ్చాను. మీ తమ్ముడు పళ్ళ డాక్టరు ఊసు ఎత్తలేదు. ఇన్ని రోజుల నుంచి నేను అన్న మాటలకు కసి తీర్చుకోవడానికి అంతకంటే మంచి సమయం దొరకదు, అయినా ఎత్తలేదు. వస్తూ దారిలో కొట్టు తీయించి, గోడ గడియారం ఒకటి దింపి చెవికి ఆనించుకుని, నా వైపు చూసి తల ఊపారు. అది టకటకమంటూనే ఉందట.

అంటే గడియారాలకు మర్యాద ఏమీ రాలేదు. మీ తమ్ముడు గొణగడం లేదు. ఫోనులో మీ గొంతు నీరసపడిందని నేను పడ్డ బెంగంతా వృథా. ఈ ఒక్కదానికి మాత్రం నాకు ప్రాణం లేచి వచ్చింది.

రేపు పార్కు ఆఫీసుకు వెళ్ళి పనివాళ్ళను అన్న మాటలకు క్షమించమని అడుగుతాను. ఆ తర్వాత చెవుల డాక్టరు. మాస్టారికి ఎలా చెప్పాలో మాత్రం తెలియడం లేదు, మా గుంపు మొత్తాన్ని వరసగా ఆ డాక్టరు ముందు కూర్చోబెట్టాలి. ముసలాళ్ళందరం కలిసి, మా చెవులు పోయాయని తెలియక, పిట్టే పోయిందని బోర్డు మీద కొట్టేశాం.

అమ్మాయ్, పైన బెంచీ గురించి రాసిన వాక్యం ఒకటుంది, దాన్ని పెన్నుతో కొట్టేయ్. మీ అత్తగారు రావలసింది కూర్చోవడానికి కాదు.

వదినా, ఇన్నాళ్ళూ మిమ్మల్ని బయటికి లాగి మీకేదో మేలు చేద్దామనుకున్నాను. అదేం లేదు. నాకే మీరు కావాలి. కింది అంతస్తులో చెంచా జారితే ఏ వంటింట్లోనో చెబుతున్నారని మొన్న కోడలు మెసేజి పెట్టింది. అలాంటి చెవులు పెట్టుకుని చెంచాలు వింటూ కూర్చున్నారు మీరు. ఇక్కడ సూదిపిట్ట ఉందో లేదో చెప్పగలిగేవాళ్ళు మా గుంపులో ఒక్కరూ లేరు. ఎటు పక్కో మీరు చెప్పండి, ఎలా ఉందో నేను చెబుతాను. మాస్టారు బోర్డు మీద దాని పేరు మళ్ళీ రాయాలంటే మీరు విని చెప్పాకే రాయాలి, నా మాట మీద కాదు.

పై ఆదివారం మొదటి బస్సు. వచ్చి బెల్లు కొడతాను, తలుపు తీసేదాకా కొడుతూనే ఉంటాను. రానని లోపలి నుంచి ఎంత గట్టిగా అరుస్తారో అరవండి. నాకు వినపడదు.